తారీఖు లేని పండుగ

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు మనుషులు, ఒక కోడి. వసారాలో నులక మంచం మీద తాత బొజ్జయ్య, అయిదు రోజుల జ్వరంతో మూలుగుతూ. పొయ్యి దగ్గర ఆయన కోడలు గంగక్క, పనికి పోయే వేళ దాటిపోతోందని గబగబా గంజి కలుపుతూ. గడప మీద గంగక్క కూతురు వనజ, పదో తరగతి పరీక్షలు అయిపోయాయి కాబట్టి చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని. మూలన పాత చాటలో గుడ్లు పొదుగుతున్న కోడి. వనజ తండ్రి శివ గోదావరి అవతల మిరపకోతలకు పోయి నెల కావస్తోంది.

కోడి పక్కనే ఒక గంప నిండా మామిడికాయలు. మొన్నటి గాలిదుమారానికి రాలినవి. వాటిని ఏరిన చేతులు కడుక్కున్నారే తప్ప ఒక్క కాయ కొరికి చూసినవాళ్లు లేరు. మొగిలిగుంపులోని ఇరవై రెండు ఇళ్లలోనూ అలాంటి గంపలే ఉన్నాయి. ముత్యాలమ్మ గద్దె దగ్గర తొలికాయ కోసి వేల్పుకు పెట్టాలి. ఆ తర్వాతే ఊరు నోట పెట్టుకోవాలి. కాయ కోసే చెయ్యి బొజ్జయ్యది. పోయిన గురువారం పండుగ అనుకున్నారు. బుధవారం పొద్దుగూకేసరికి ఆయన వణుకుతూ మంచమెక్కాడు.

పక్కింటి చిరంజీవి దడి మీదుగా తల పెట్టాడు. "తాతా, ఎట్లున్నది ఇయ్యాల?"

"ఎట్లుంటది. ఉన్న."

"జల్దీ లేవు తాతా. నీకేమో జొరం, మాకేమో నోట్ల నీళ్లు."

తాత నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక అన్నాడు: "ఎవ్వలో ముందే కొరికిన్రురా. అందుకే నన్ను పట్టుకున్నది."

అది పరాచికమో నిజమో చిరంజీవికి అర్థం కాలేదు. గంగక్క మాత్రం గంజి గిన్నె కింద పెట్టి మామ మొహంలోకి చూసింది.

"మనింట్ల ఎవ్వరు తినలే మామా."

"నిన్ను అన్ననా?"

"ఎవరిని అన్నవో గని, మనింట్ల ఎవ్వరు తినలే" అని మళ్లీ చెప్పి, గంజి ఆయన నోటికి అందించింది.

రేగులపాడు ఆడపిల్లల హాస్టల్ రెండు మైళ్లు. గంగక్క అక్కడ ఎనిమిదేళ్లుగా వంట చేస్తోంది. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆ సోమవారం వనజ కూడా అమ్మ వెంట పోయింది. ఆ హాస్టల్లోనే అయిదేళ్లు ఉండి చదువుకుంది కాబట్టి ఆ వంటగదిలో ఆమెకు కొత్త లేదు. వంటగది తలుపు తాళంచెవి అమ్మ నడుముకే ఉంటుంది. అమ్మ తలుపు తోయగానే లోపలి నుంచి పొగ వాసన, నిన్నటి సాంబారు వాసన కలిసి బయటికి వస్తాయి.

కూరగాయల ఆటో ఆ పొద్దున రెండు బస్తాల మామిడికాయలు దించి పోయింది. వంకాయలు దొరకలేదట. ఇంకో వంటమనిషి దుర్గ బస్తా మూతి విప్పి, గంగక్క వైపు చూసి పెదవి విరిచింది.

"మీ ఊర్ల ఇంక కాలేదా అక్కా?"

"మామకు తగ్గితే గద."

"పోనీ తియ్యి. యాడాదేడాది ఉన్నదే. నేను తింట, నువ్వు వేలు పెట్టు."

గంగక్క కత్తిపీట మీద కూర్చుంది. కాయను రెండుగా చీల్చి, జీడి తీసి పక్కకు విసిరి, ముక్కలు తరిగింది. సొన అంటి ఆమె కుడి బొటనవేలు చూస్తుండగానే నల్లబడింది. పెద్ద గుండిగలో పప్పు మెత్తబడ్డాక ముక్కలు వేసి, తెడ్డుతో అడుగు నుంచి తిప్పింది. ఉప్పు దోసిటతో ఒకసారి, మునివేళ్లతో ఒకసారి. గరిటెడు పప్పు ఎత్తి, మొహం దగ్గరికి తెచ్చుకుని, ఆవిరి పీల్చింది. ఇంకొక్క చిటికెడు వేసింది. అమ్మ నాలుక మీద పెట్టకుండానే ఉప్పు చూస్తుందని వనజకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నూట ఇరవై మందికి ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

కిందటేడు ఎక్కడో ఒక హాస్టల్లో పిల్లలకు వాంతులయ్యాక కొత్త పద్ధతి వచ్చింది. వండినవాళ్లు పిల్లల కంటే ముందు తినాలి, తిన్నట్టు రుచి రిజిస్టర్‌లో వేలిముద్ర వేయాలి. దుర్గ ఒక గిన్నెడు తిని, బాగుందని కళ్లెగరేసింది. ఇద్దరూ వేలు పెట్టారు.

పిల్లలు కంచాలు పట్టుకుని వరుసగా కూర్చున్నాక జీపు వచ్చింది.

తనిఖీ సారు మంగీలాల్ ఇల్లందు దిక్కు తండా మనిషి. నాలుగు రోజులు భద్రాచలంలో కల్యాణం డ్యూటీ చేసి వచ్చాడేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వార్డెన్ భారతమ్మ చేతిలో తలంబ్రాల పొట్లం పెట్టి, "మీ కోసం తెచ్చిన మేడం" అన్నాడు. ఆమె కళ్లకద్దుకుంది. తర్వాత ఆయన రిజిస్టర్ తీసి చూశాడు.

"గంగక్క ఎవరు?"

గంగక్క కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

"పప్పు నువ్వే వండినవా? మంచిది. నా ముందట ఒక ముద్ద తిను."

ఆయన గొంతులో కోపమేమీ లేదు. ప్రతి హాస్టల్లోనూ అలాగే అడుగుతాడు. దుర్గ గబుక్కున "నేను తిన్న సార్" అంది.

"నిన్ను అడగలే. నువ్వు తిన్నవ్, సరే. ఆమె గూడ వేలు పెట్టింది గద."

గంగక్క కదల్లేదు. ఆయనే కంచంలో ఇంత అన్నం, గరిటెడు పప్పు వేయించి ఆమె ముందుకు జరిపాడు. గంగక్క కంచాన్ని రెండు చేతులతో అందుకుంది. అందుకుని అలాగే పట్టుకుంది.

"తినను సార్."

మంగీలాల్ చెయ్యెత్తి, "ఎవ్వరు ముద్ద పెట్టకుర్రి!" అని అరిచాడు. ముందు వరుసలో ఒక చిన్నపిల్ల నోట్లో పెట్టుకున్న ముద్దను చేతిలోకి ఉమ్మేసింది. వనజ అది చూసింది. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమెకు ఆ పిల్ల చేతిలోని ముద్ద తప్ప ఇంకేమీ కనిపించలేదు. అమ్మ పప్పులో ఏదో కలిపిందని ఆ పిల్ల అనుకుంది.

దుర్గ మొత్తం చెప్పింది. మంగీలాల్ విన్నాడు. తనే వేలితో పప్పు తీసి నాలుకకు రాసుకున్నాడు. "బాగనే ఉన్నది" అని గొణిగి, పిల్లలను తినమన్నాడు. తర్వాత దుర్గ వైపు తిరిగాడు.

"నువ్వు గూడ కోయే గద. నువ్వెట్ల తిన్నవ్?"

"మా ఊర్ల పండుగ అయిపోయింది సార్. పోయిన నెల్లనే."

"ఒక్క కులానికి ఊరికో తారీఖా?"

ఆఫీసు గదిలో గోడకు కొత్తగూడెం బట్టల దుకాణం వాళ్ల క్యాలెండర్ ఉంది. ఏప్రిల్ నెల. మంగీలాల్ ఎర్ర అంకెల మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. "రామనవమి ఉన్నది. రేపు మీలాదున్నబీ ఉన్నది. శుక్రవారం గుడ్ ఫ్రైడే ఉన్నది. మీ పండుగ ఏ తారీఖు? చెప్పు, నేనే రాసుకుంట."

గంగక్క నిజంగానే ఆలోచించి చెప్పింది. "మా మామకు జొరం తగ్గినంక సార్."

భారతమ్మ నవ్వు ఆపుకోలేక నోటికి తలంబ్రాల పొట్లం అడ్డం పెట్టుకుంది. మంగీలాల్ నవ్వలేదు. కుర్చీలో కూర్చుని మెమో కాయితం ముందర పెట్టుకున్నాడు.

"చూడమ్మా. మా తండల తీజ్ అయితది. తొమ్మిది రోజులు. మా చెల్లెండ్లు బుట్టలల్ల గోధుమలు మొలకేస్తరు. దానికి నాకు ఒక్క రోజు సెలవు లేదు. నేను అడగను గూడ. నౌకరికి వచ్చినంక నౌకరి లెక్కనే ఉండాలె. ఇప్పుడు ఒక్క ముద్ద తిను. ఈ కాయితం ఇక్కడనే చింపేస్త."

"ఇంట్ల పెద్దమనిషి పడుకొని ఉన్నడు సార్" అంది గంగక్క. "నేను తిన్నంక ఆయనకు ఏమన్న అయితే?"

"గంతేనా?"

"అవ్ సార్. గంతే."

ఆయన మెమో రాశాడు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగి, "సర్కులర్ ఒకటి ఉన్నది. పనికాడ ఎవరి మతాచారానికి అడ్డం రావద్దని. మతాచారమైతే గట్లనే రాసియ్యి, పైకి పంపుత" అన్నాడు. ఆ మాట అన్నది గంగక్కతోనే అయినా, చూసింది మాత్రం గోడ పక్కనున్న వనజ వైపు. అలాగని వనజకు అనిపించింది.

జీపు పోయాక భారతమ్మ గంగక్కను పక్కకు పిలిచింది. "సర్కులర్ లేదు, గిర్కులర్ లేదు. ఆ పొద్దు కడుపుల నొప్పి ఉండె, అందుకే తినలేదని రెండు లైన్లు రాయించు. గంతే. మీ పర్మినెంట్ లిస్టు ఈ నెలాఖరుకు పోతది. ఎనిమిదేండ్లు చేసినవ్. ఇప్పుడు పేరు కొట్టేపిచ్చుకుంటవా?"

"కొట్టేపిచ్చుకోను మేడం" అంది గంగక్క.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం ఎండ వసారా సగం దాకా వచ్చింది. వనజ చాప మీద బోర్లా పడుకుని, భారతమ్మ ఇచ్చిన ఫారం ముందు పెట్టుకుంది. గంగక్క తాతకు తడిగుడ్డ వేస్తూ చెప్పింది.

"మేడం చెప్పినట్టు రాయి. కడుపుల నొప్పి ఉండె, తినలే, ఇంకోసారి గిట్ల కానియ్య. గది."

ఫారంలో మొదటి గడి పేరు. రెండోది పని. మూడోది మతం.

"అమ్మా, మన మతం ఏంది?"

"మనం కోయోళ్లం."

"అది కులమంట."

"మల్ల నీ సర్టిఫికెట్ల ఏం రాసిన్రో గదే రాయి."

బడి సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంది. వనజ అదే రాసింది. నాలుగో గడి పెద్దది: సంజాయిషీ.

వనజ బడిలో నోరు విప్పే పిల్ల కాదు. జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు. అయిదేళ్లలో ఆమె గొంతు సరిగ్గా విన్న టీచర్లు తక్కువ. కానీ పరీక్ష పేపర్లు పంచేటప్పుడు సోషల్ సారు ప్రతిసారీ ఆమె పేపర్‌ను అందరికీ ఎత్తి చూపించేవాడు. చూడుర్రి, అచ్చు గుద్దినట్టున్నది అనేవాడు. మత స్వాతంత్య్రపు హక్కు గురించి ఆమె పరీక్షలో పేజీన్నర రాసింది. అది ఇంకా కంఠతా ఉంది.

కడుపు నొప్పి అని రాయడానికి కలం పెట్టింది. ఆ చిన్నపిల్ల చేతిలోకి ఉమ్మిన ముద్ద గుర్తొచ్చింది. కడుపు నొప్పి అని రాస్తే ఆ ముద్ద అలాగే ఉండిపోతుంది. సారు తనవైపు చూసి మరీ చెప్పాడు, రాసియ్యి అని.

ఆమె రాసింది. గంగక్క చాలాసేపు కాయితం వైపు చూడలేదు. పండుగ పేరు దగ్గర వనజ ఆగిపోయింది. ఇంట్లో కోయ మాటల్లో వెయ్యిసార్లు విన్న పేరు. తెలుగులో ఎవరూ రాయగా చూడలేదు. రఫ్ కాగితం మీద మూడు రకాలుగా రాసి, మూడోది బాగుందనుకుని ఫారంలోకి ఎక్కించింది: మర్కపండుం.

"రెండు లైన్లకు గంతసేపా?" అంది గంగక్క.

"మంచిగ రాయాలె గదమ్మా."

"సదువు."

వనజ ఫారం ఎత్తి పట్టుకుంది. కళ్లు తను రాసిన అక్షరాల మీదే ఉన్నాయి. నోరు మాత్రం వేరే చదివింది. "అయ్యా, సోమవారం నాడు నాకు కడుపులో నొప్పిగా ఉండినందున పప్పు రుచి చూడలేకపోయాను. ఇకముందు ఇట్లు జరగనివ్వను. ఇట్లు, తమ విధేయురాలు." చదువుతుంటే చెవులు వేడెక్కాయి. కానీ ఎక్కడా తడబడలేదు.

"ఎంత మంచిగ రాసినవే" అంది గంగక్క. మంచం మీది తాతతో, "ఇన్నవా మామా, పట్నపోళ్లు రాసినట్టు రాసింది నీ మనుమరాలు" అంది.

ముద్ర వేయడానికి ఇంకు ప్యాడ్ లేదు. వనజ రీఫిల్ ఊది, అమ్మ బొటనవేలికి ఇంకు రాసింది. సొనకు కమిలిన వేలు. మొదటిసారి గీతలు పడలేదు, నల్లటి మచ్చ పడింది. ఆ పక్కనే రెండోసారి ఒత్తించింది. కొద్దిగా నయం.

బుధవారం గంగక్క ఆ కాయితాన్ని మడతపెట్టి, జాకెట్లో పెట్టుకుని తీసుకుపోయింది. భారతమ్మ ఊర్లో లేదు, రెండు రోజులు ఏదో ట్రైనింగ్. సంజాయిషీ కోసం వచ్చిన ఆఫీసు మనిషే తీసుకుపోయాడు. గంగక్క రోజూ లాగే పోయి వండింది, వచ్చింది. మామిడికాయ బస్తా అయిపోయి గోరుచిక్కుడు వచ్చింది. రుచి రిజిస్టర్‌లో రోజూ వేలు పెట్టింది, తిని మరీ పెట్టింది.

శుక్రవారం తాతకు చెమట పట్టింది. శనివారం లేచి కూర్చుని జొన్న రొట్టె అడిగాడు. ఆదివారం ఊరి పెద్దలు వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. సోమవారం అనుకున్నారు. చిరంజీవి వాకిట్లో నిలబడి, "తాతా, నీకు దండం పెడత, ఒక్క రాత్రి మల్ల జొరం తెచ్చుకోకు" అన్నాడు. అందరూ నవ్వారు. గంగక్క కూడా నవ్వింది.

సోమవారం పొద్దున గంగక్క పనికి పోతూ, "నా వంతు ఆకుల కట్టి పెట్టు. పొద్దుగూకి వచ్చి తింట" అని వనజకు చెప్పింది.

గద్దె దగ్గరికి బొజ్జయ్యను ఇద్దరు పట్టుకుని నడిపించారు. కత్తి మాత్రం సరిగ్గా దిగింది. పచ్చికాయ తెగిన వాసనకు పిల్లలు గుటకలు మింగారు. వేల్పు వంతు అయ్యాక మోదుగాకుల్లో ముక్కలు పంచారు. వనజ నోట్లో పెట్టుకుంటే పళ్లు జిల్లుమన్నాయి. డోలు మొదలైంది. తను తిన్నాక అమ్మ వంతు ముక్కలకు ఇంత ఉప్పు, కారం అద్ది, ఆకు మడిచి, ఈనె గుచ్చి, పట్టుకుని ఇంటికి వచ్చింది. ఇప్పుడిక ఎవరు కంచం జరిపినా అమ్మ తింటుంది. ఆ సారు రేపు వచ్చినా సరే. దారి పొడుగునా వనజ అదే అనుకుంటూ నడిచింది.

గంగక్క అప్పటికే వచ్చి ఉంది. మిట్టమధ్యాహ్నం. వసారాలో ఖాళీ నులక మంచం పట్టె మీద కూర్చుని ఉంది. నడుముకు తాళంచెవి లేదు. ఎప్పుడూ అది వేలాడే చోట చీర కాస్త పాతబడి, అరచేతి వెడల్పున వెలిసి ఉంది.

"అమ్మా, పండుగ అయింది" అంది వనజ.

గంగక్క ఆకు వైపు చూడలేదు. ఒళ్లోని కాయితాలు తీసి ఇచ్చింది. "సదువు."

పైది టైపు చేసిన కాయితం. వనజ మెల్లగా చదివింది. హిందూ మతస్తురాలనని తెలిపినందున, హిందూ పండుగల జాబితాలో సదరు పండుగ లేనందున, మతాచార మినహాయింపు వర్తించదు. తాను వండిన పదార్థమును తినుటకు నిరాకరించినట్లును, తినకనే రిజిస్టర్‌లో వేలిముద్ర వేసినట్లును, గత ఎనిమిది సంవత్సరములుగా ఈ పండుగ రోజులలో తినకనే వండుచున్నట్లును స్వయముగా లిఖితపూర్వకముగా అంగీకరించినందున, ఈ తేదీ నుండి పని నుండి తొలగించడమైనది.

వనజ ఆ కాయితాన్ని కిందికి దించింది.

"కిందిది గూడ సదువు" అంది గంగక్క.

కిందిది జిరాక్సు. అచ్చు గుద్దినట్టున్న అక్షరాలు. వాటి కింద నల్లటి మచ్చ, పక్కన ఇంకొక ముద్ర.

"అమ్మా..."

"సదువమన్న గద."

వనజ చదివింది. ఈసారి నోరు, కళ్లు ఒకే చోట ఉన్నాయి. "అయ్యా, నాకు కడుపు నొప్పి గాని మరే జబ్బు గాని లేదు. మా ఊరిలో మర్కపండుం కానందున నేను మామిడికాయ పప్పు తినలేదు. ఎనిమిదేండ్లుగా ఈ పండుగకు ముందు నేను తినకుండానే వండినాను. ఏ బిడ్డకూ ఏమీ కాలేదు. నా నమ్మకం నాకు ఉండుట రాజ్యాంగం ఇచ్చిన హక్కు..." హక్కు అన్న మాట దగ్గర వనజ ఆగింది. ఇంకా నాలుగు లైన్లున్నాయి. గంగక్క ఆగింది. వనజ ఆ నాలుగూ చదివేదాకా ఆగింది.

గద్దె వైపు నుంచి డోలు వినిపిస్తోంది.

"నువ్వు ఆ పొద్దు గిట్ల సదవలే" అంది గంగక్క.

వనజ రెండు కాయితాలనూ ఒకటిగా సర్దింది.

"ఆఫీసు మనిషి నాకు సదివి చెప్తుంటే, కాదు సార్, మీరు తప్పు సదువుతున్నరు, నా బిడ్డ రాసింది కడుపు నొప్పని, నాకు ఇనిపిచ్చింది అన్న. మల్లొక్కసారి సదువుమన్న. మూడుసార్లు సదివిచ్చిన." గంగక్క గొంతు పెరగలేదు. పప్పులో ఉప్పు ఎంత వేయాలో దుర్గకు చెప్పేటప్పటి గొంతే. "మేడం నవ్వింది. ఆ సారు మాత్రం నవ్వలే. కాయితం దిక్కే సూసుకుంట కూసున్నడు. దుర్గనేమో తలుపు కాడ్నే నిలబడ్డది. ఆమెకు గూడ మెమో ఇచ్చిన్రు, నా కోసం తిన్నదని."

"ఆ పిల్ల ముద్ద ఉమ్మేసిందమ్మా" అంది వనజ. చెప్పదలుచుకున్నది ఇంకా చాలా ఉంది. బయటికి వచ్చింది అంతే.

గంగక్కకు ఏ పిల్లో, ఏ ముద్దో అర్థమైనట్టు లేదు. అడగలేదు కూడా. లేచి నిలబడి, కూతురి చేతిలోంచి జిరాక్సు కాయితం తీసుకుంది, నాలుగు మడతలు పెట్టింది. ఇంకో చేత్తో మోదుగాకు పొట్లం తీసుకుంది. ఈనె ఊడిపోకుండా జాగ్రత్తగా పట్టుకుని గడప దాటి లోపలికి పోయింది.

వనజ వెనకే ఒక అడుగు వేసింది.

ఆ ఇంటి తడక పగలు వేసింది ఎప్పుడూ లేదు. కోళ్లు, పిల్లలు, పక్కింటివాళ్లు అందరూ దాటిపోయే తడక అది. గంగక్క దాన్ని గోడ పక్క నుంచి జరిపింది. అది నేల మీద గీసుకుంటూ వచ్చి వనజ కాలివేళ్ల ముందు ఆగింది. వెదురు సందుల్లోంచి అమ్మ చీర రంగు ఒక్క క్షణం కనిపించి పక్కకు పోయింది. లోపలి నుంచి తాడు గుంజకు చుట్టి, ముడి వేసిన చప్పుడైంది.